‘బాగానే చూసుకున్నారు’ అన్న మాటకు ఎన్ని మార్కులు?

ఫిబ్రవరిలో ఒక సిద్ధాంత గ్రంథం మూల్యాంకనం కోసం నా దగ్గరికి వచ్చింది. హెల్త్ మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీ. విషయం ఆసుపత్రుల్లో సేవల నాణ్యత, రోగుల సంతృప్తి. పరిశోధన పద్ధతుల అధ్యాయం తెరిచి శాంపిల్ ఎంతో చూడకముందే నా మనసులో ఒక అంకె మెదిలింది: 384. పేజీ తిప్పితే అదే ఉంది. ఈ రంగంలో నేను చదివిన గ్రంథాల్లో ఆ అంకె ఎన్నిసార్లు ఎదురైందో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. దాని వెంట ఐదు పాయింట్ల స్కేలు వస్తుంది, సేవల నాణ్యతను కొలిచే సర్వ్‌క్వాల్ ప్రశ్నావళిలోని 22 అంశాలు వస్తాయి, వయసుకూ సంతృప్తికీ, చదువుకూ సంతృప్తికీ, ఆదాయానికీ సంతృప్తికీ మధ్య సంబంధం ఉందో లేదో చూసే కై-స్క్వేర్ పరీక్షలు వస్తాయి, చివరి అధ్యాయంలో ‘రోగులతో మర్యాదగా మెలగడంపై సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి’ అనే సూచన వస్తుంది.

ఆ స్కాలర్‌ను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన ఐదేళ్లకు పైగా ఉద్యోగం చేసుకుంటూ, సెలవులు పెట్టుకుని, ఆసుపత్రుల చుట్టూ తిరిగి, వందల మందిని స్వయంగా అడిగి ఆ పని పూర్తి చేశారు. శ్రమలో లోటు లేదు, నిజాయితీలోనూ లేదు. అయినా ఆ గ్రంథం నుంచి తీసిన మూడు పేపర్లను మంచి జర్నళ్లు తిప్పి పంపాయని, చివరికి ఎవరికీ తెలియని ఒక జర్నల్‌లో డబ్బు కట్టి వేయించుకున్నారని అనుబంధంలోని ప్రచురణల జాబితా చూస్తేనూ, తర్వాత ఆయన మాటల్లోనూ తెలిసింది.

చాలాకాలంగా నాలో నలుగుతున్న అభిప్రాయం ఆ గ్రంథంతో గట్టిపడింది. మన స్కాలర్ల పేపర్ల తిరస్కరణ ప్రపోజల్ ఆమోదం పొందిన రోజునే రాసిపెట్టి ఉంటుంది. గైడ్లుగా మనం చివరి ఏడాదిలో ఇంగ్లిష్ దిద్దడానికీ, ఇతర రచనలతో పోలికను చూపే సిమిలారిటీని పది శాతం కిందికి దించడానికీ, జర్నళ్లు వెతకడానికీ పెట్టే సమయంలో సగం మొదటి ఏడాదిలో ఒక్క ప్రశ్న మీద పెట్టి ఉంటే, ఆ చివరి ఏడాది పాట్లు చాలావరకు ఉండవు.

384 ఎక్కడి నుంచి వచ్చింది

ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1970లో ఒక చిన్న పట్టిక ప్రచురించారు. జనాభా ఇంత ఉంటే శాంపిల్ ఇంత ఉండాలి అని చెప్పే పట్టిక అది. 95 శాతం నమ్మకంతో, ఐదు శాతం అటూఇటూగా ఒక నిష్పత్తిని అంచనా వేయాలంటే పది లక్షల జనాభాకు 384 మంది చాలునని అందులో చివరి వరుస చెబుతుంది. లెక్కలో తప్పేమీ లేదు. అయితే ఆ లెక్క నిలబడాలంటే మనుషులను చిట్టీ తీసినట్టు యాదృచ్ఛికంగా ఎంచుకోవాలి, తెలుసుకోవాల్సింది ఒక నిష్పత్తి అయి ఉండాలి. మన స్కాలర్ ఓపీ దగ్గర కూర్చుని, అడిగితే కాదనని వాళ్లను అడుగుతారు. దానిని అనుకూలతను బట్టి ఎంచుకున్న శాంపిల్ అని తానే రాస్తారు. ఆ మాట ఉన్న పేజీలోనే 384 కూడా ఉంటుంది.

ఇంకో సంగతి ఉంది. ఐదు ఆసుపత్రుల్లో 384 మందిని అడిగామనుకుందాం. ఒకే వార్డులో, ఒకే సిస్టర్ చేతి మీదుగా మందులు తీసుకున్న పాతిక మంది అనుభవాలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. ఆసుపత్రుల మధ్య తేడా గురించి మాట్లాడాలంటే మన చేతిలో ఉన్నవి ఐదు ఆసుపత్రులే. జర్నల్ తరఫున పేపరును పరిశీలించే రివ్యూయర్ మొదటి చూపులో పట్టుకునేది ఇదే, పట్టుకున్నాక స్కాలర్ చేయగలిగిందేమీ ఉండదు. మూడేళ్ల కిందట ముగిసిన సేకరణను వెనక్కి తిప్పలేరు. ఈ మాట ప్రపోజల్ సమర్పించిన రోజున రీసెర్చ్ అడ్వైజరీ కమిటీలో ఎవరైనా ఒకరు అని ఉంటే సరిపోయేది. నేను సభ్యత్వం వహించిన కమిటీల్లోనూ ఎన్నోసార్లు అనకుండా ఊరుకున్నాను. మధ్యాహ్నం లోపల ఆరుగురి ప్రెజెంటేషన్లు ముగియాలి అన్న తొందరలో ‘శాంపిల్ సరిపోతుంది కదా’ అని తలూపిన రోజులు నాకు గుర్తున్నాయి.

సర్వ్‌క్వాల్ సంగతీ ఇలాంటిదే. 1988లో దాన్ని రూపొందించినవారు పరీక్షించింది బ్యాంకులు, క్రెడిట్ కార్డులు, గృహోపకరణాల మరమ్మతు వంటి సేవల మీద. క్రెడిట్ కార్డు నచ్చకపోతే మార్చుకోవచ్చు. రాత్రి రెండు గంటలకు 108లో వచ్చి చేరిన మనిషికి ఆసుపత్రి మీద ‘ముందస్తు అపేక్ష’ ఎంత అని, ‘పొందిన సేవ’ ఎంత అని రెండు అంకెలు అడిగి, ఒకదానిలోంచి ఒకటి తీసేస్తే మిగిలేది ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మంచం పక్కన

కొన్నేళ్ల కిందట నా స్కాలర్ ఒకరితో ఒక జిల్లా ఆసుపత్రికి వెళ్లాను. ప్రశ్నావళి తెలుగు అనువాదం చక్కగా ఉంది, నేనే దిద్దాను. జనరల్ వార్డులో, సెలైన్ ఎక్కుతున్న ఒక పెద్దావిడ మంచం పక్కన స్టూలు వేసుకుని స్కాలర్ చదివారు: ‘సిబ్బంది నాతో మర్యాదగా ప్రవర్తించారు. పూర్తిగా అంగీకరిస్తాను, అంగీకరిస్తాను, చెప్పలేను, అంగీకరించను, అసలు అంగీకరించను.’ ఆవిడ కాసేపు స్కాలర్ ముఖంలోకి, కాసేపు నా ముఖంలోకి చూసి, ‘బాగానే చూసుకున్నారమ్మా’ అన్నారు.

స్కాలర్ నాలుగు మీద టిక్ పెట్టారు. నేను ఆ కాగితం వైపే చూస్తూ ఉండిపోయాను. తెలుగు మాట్లాడే ప్రతి ఒక్కరికీ ‘బాగా చూసుకున్నారు’కూ ‘బాగానే చూసుకున్నారు’కూ ఉన్న దూరం తెలుసు. ఆ ‘నే’లో ఎంతో ఉంది. ఇంతకంటే ఏం ఆశిస్తాం అన్న సర్దుబాటు ఉండవచ్చు, మీరెవరో నాకు తెలియదు కనుక ఇంతకంటే చెప్పను అన్న జాగ్రత్త ఉండవచ్చు, నిజంగానే ఫరవాలేదు అన్న అర్థమూ ఉండవచ్చు. సిస్టర్ నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది, ఆవిడ ఇంకా రెండు రోజులు ఆ మంచం మీదే ఉండాలి. ఆ జవాబుకు మూడు వేయాలా, నాలుగు వేయాలా? ఆ ఒక్క అక్షరాన్ని ఎక్కడా నమోదు చేయకుండా 384 మంది జవాబుల సగటును రెండు దశాంశ స్థానాల దాకా తీస్తున్నాం, జవాబుల మధ్య పొంతనను కొలిచే క్రోన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటింది కనుక ప్రశ్నావళి నమ్మదగినదని రాస్తున్నాం. ఒక్కో రోగి అన్ని ప్రశ్నలకూ ఒకే రకంగా జాగ్రత్తపడినా ఆల్ఫా దాటగలదు.

ఆ రోజు కారులో తిరిగి వస్తూ స్కాలర్‌తో ఒక మాట అన్నాను: రోగి ఎప్పుడు ‘బాగా’ అంటాడు, ఎప్పుడు ‘బాగానే’ అంటాడు, ఎవరి ఎదుట అంటాడు, డిశ్చార్జి అయి ఇంటికి వెళ్లిన వారానికి అదే ప్రశ్న అడిగితే ఏమంటాడు అన్నదే ఒక పరిశోధన అవుతుంది కదా అని. ‘మేడమ్, ఇప్పటికే ప్రపోజల్ ఆమోదం అయిపోయింది’ అన్నారు. నిజమే, అయిపోయింది. ఆమోదించినవాళ్లలో నేనూ ఉన్నాను.

ముందు తెలుగులో చెప్పమంటే

అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చే స్కాలర్లతో ఒక పద్ధతి పాటిస్తున్నాను. మొదటి మూడు నెలలు ప్రపోజల్ రాయనివ్వను. తమ ప్రశ్న ఏమిటో తెలుగులో, తెలుగు రానివాళ్లయితే వాళ్ల ఇంటి భాషలో, ఇంట్లో అమ్మకు చెప్పినట్టు చెప్పమంటాను. ఇంగ్లిష్‌లో ‘ఇంపాక్ట్’, ‘ఎ స్టడీ ఆన్’, ‘విత్ స్పెషల్ రిఫరెన్స్ టు’ అనే మాటల వెనక ప్రశ్న లేకపోయినా ఉన్నట్టే కనిపిస్తుంది. తెలుగులో అవేవీ అడ్డం నిలబడవు. చెప్పడానికి ఏమీ లేకపోతే రెండో వాక్యానికే తెలిసిపోతుంది.

ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్‌గా పనిచేసే ఆవిడ పార్ట్‌టైమ్ స్కాలర్‌గా చేరారు. ఆవిడ తెచ్చిన అంశమూ రోగుల సంతృప్తే. కాగితం పక్కన పెట్టి, ‘ఈ వారంలో డ్యూటీలో మీకు బాగా కోపం తెప్పించిన పని ఏమిటి?’ అని అడిగాను. ఆవిడ ఆలోచించలేదు. ‘డిశ్చార్జి మేడమ్’ అన్నారు. ‘పొద్దున పదింటికి డాక్టరుగారు రౌండ్లకు వచ్చి ఇంక వెళ్లొచ్చు అని చెప్తారు. పేషెంటు బట్టలు మార్చుకుని, బ్యాగులు సర్దుకుని మంచం మీద కూర్చుంటారు. సాయంత్రం ఆరయినా అక్కడే ఉంటారు. కింద ఎమర్జెన్సీలో ఇంకొకరు మంచం కోసం స్ట్రెచర్ మీద పడుకుని ఉంటారు. ఇద్దరి తరఫు వాళ్లూ వచ్చి మమ్మల్నే అడుగుతారు. మేము ఏం చెప్పాలి?’

ఆలస్యానికి కారణం ఏమిటని అడిగితే ఇన్సూరెన్స్ అన్నారు. బీమా సంస్థ తరఫున క్లెయిములు చూసే టీపీఏ నుంచి అనుమతి రాదు, వచ్చినా మళ్లీ ఏదో వివరణ అడుగుతారు. ఆసుపత్రిలో అందరూ అదే అంటారు. క్యాష్‌లెస్ రోగుల డిశ్చార్జి అనుమతిని మూడు గంటల్లోపు ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మేలో బీమా సంస్థలను ఆదేశించింది కూడా. అయితే అడిగేది ఇంకేమీ లేదు కదా అనిపించింది ఆవిడకు. నేను ఒక నోటుపుస్తకం కొనుక్కోమన్నాను. ఒక్క వార్డులో, ప్రతి డిశ్చార్జికీ ఎనిమిది సమయాలు రాయాలి: డాక్టరు మాట చెప్పినది, డిశ్చార్జి సమ్మరీ టైపు అయినది, కన్సల్టెంట్ సంతకం పడినది, మిగిలిన మందులు ఫార్మసీకి తిరిగి వెళ్లినది, ఫైనల్ బిల్లు తయారైనది, టీపీఏకు కాగితాలు పంపినది, అనుమతి వచ్చినది, మంచం ఖాళీ అయినది.

మూడు వారాల తర్వాత ఆవిడ వచ్చి పుస్తకం నా బల్ల మీద పెట్టి, కూర్చోకుండానే, ‘క్యాష్ పేషెంట్లు కూడా సాయంత్రం దాకా ఉంటున్నారు మేడమ్’ అన్నారు. వాళ్లకు టీపీఏ లేదు. ఎక్కువ సమయం పోతున్నది డాక్టరు మాటకూ సమ్మరీ మీద సంతకానికీ మధ్య. రౌండ్లు ముగించి ఆపరేషన్ థియేటర్‌కు వెళ్లిన కన్సల్టెంట్ బయటికి వచ్చేదాకా కాగితం ఆగుతోంది. ఒక వార్డులో మూడు వారాల నోటుపుస్తకాన్ని పరిశోధన ఫలితం అనలేం, ఆవిడా అనలేదు. కానీ ఇరవై ఏళ్లుగా నమ్మిన ఒక మాట తన చేతిరాతలోనే తప్పని తేలినప్పుడు ఆవిడ ముఖం నేను చూశాను. మర్నాటికి ప్రపోజల్ మొదటి వాక్యం వచ్చింది: ముందురోజు సాయంత్రమే సమ్మరీ సిద్ధం చేసి ఉంచితే మంచం ఎంత ముందుగా ఖాళీ అవుతుంది, ఏ రోగుల విషయంలో ఆ ఉపాయం పనిచేయదు? ఆసుపత్రి ఎటూ నాణ్యతకు ఎన్‌ఏబీహెచ్ ఇచ్చే గుర్తింపు కోసం డిశ్చార్జికి పట్టే సమయాన్ని సూచికగా లెక్కిస్తోంది కనుక యాజమాన్యానికి కూడా ఆ ప్రశ్న అక్కరకు వచ్చేదే. సాహిత్య సమీక్ష ఏ వైపు వెళ్లాలో, ఎన్ని నెలల రికార్డులు కావాలో, ఏ గణాంక పద్ధతి సరిపోతుందో అన్నీ ఆ వాక్యం వెంట వచ్చాయి. శాంపిల్ ఎంత అన్న ప్రశ్నకు జవాబు 384 కాలేదు.

తర్వాత చేయలేని పనులు

ప్రపోజల్ దశలో తప్పితే మళ్లీ దొరకనివి మరికొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది ఎథిక్స్ కమిటీ అనుమతి. మెడికల్ కాలేజీల్లో ఇది అందరికీ అలవాటే. మేనేజ్‌మెంట్ విభాగాల్లో మాత్రం, మేము రక్తం తీయడం లేదు, మందు ఇవ్వడం లేదు, ప్రశ్నలు అడుగుతున్నాం, మాకు ఎందుకు అన్న ధోరణి ఇంకా ఉంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు ఆరోగ్యానికి సంబంధించిన సామాజిక, ప్రవర్తనా పరిశోధనలను కూడా తమ పరిధిలోకి తెచ్చాయి. రోగిని అడిగిన ప్రతి అధ్యయనానికీ ఆరోగ్య రంగపు మంచి జర్నళ్లు కమిటీ పేరు, అనుమతి సంఖ్య అడుగుతాయి. పని ముగిశాక వెనకటి తేదీతో అనుమతి ఏ నిజాయితీ గల కమిటీ ఇవ్వదు. ఆ ఒక్క గడి ఖాళీగా ఉన్నందుకు ఎడిటర్ బల్ల మీదనే ఆగిపోయిన పేపర్లు నా ఎరుకలోనే నాలుగున్నాయి. వాటిలో ఒకటి నిజంగా మంచి పేపరు.

రెండోది, ఇలాంటి అధ్యయనాల పేపర్లలో ఏమేం ఉండాలో చెప్పే స్ట్రోబ్ చెక్‌లిస్టు. పేపరు రాసేటప్పుడు తెరిచే దానిలోని 22 అంశాలను ప్రపోజల్ రోజునే తెరవాలని నేను పట్టుబడతాను. అడిగిన వాళ్లలో ఎంతమంది కాదన్నారు, ఎందుకు కాదన్నారు అని అది అడుగుతుంది. మొదటి రోజు నుంచి రాసుకోకపోతే ఆ లెక్క ఎక్కడి నుంచి తెస్తాం?

మూడోది డేటా. ఆసుపత్రులు ఇవ్వవు. ‘ఈ లెక్కలు బయటికి పోతే’ అన్న భయం వాళ్లది, ఆ భయం పూర్తిగా అన్యాయమైనదీ కాదు. అనుమతి మాట నోటితో ఇచ్చి, రెండేళ్లకు యాజమాన్యం మారగానే ఆసుపత్రి రికార్డుల విభాగం (ఎంఆర్‌డీ) తలుపు మూసేసిన సందర్భం నా స్కాలర్ ఒకరికి ఎదురైంది. అందుకని ప్రపోజల్‌లో కనీసం ఒక అధ్యాయం ఎవరి దయా అక్కరలేని డేటా మీద ఉండాలని చెబుతాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఉంది, 2017–18లో ఆరోగ్య వ్యయంపై జరిగిన జాతీయ నమూనా సర్వే (ఎన్‌ఎస్‌ఎస్) 75వ రౌండు ఉంది. కుటుంబాల స్థాయి వివరాలతో సహా రెండూ పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి.

ఇక్కడ నేను తరగతిలో ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై దశలవారీగా 2008 నాటికి రాష్ట్రమంతా విస్తరించింది. కొన్ని జిల్లాలకు ముందు, కొన్నిటికి తర్వాత అందడం అన్న ఆ పాలనాపరమైన ఏర్పాటునే ఆధారం చేసుకుని, కుటుంబాలు ఆసుపత్రులకు చేతినుంచి పెట్టే ఖర్చు తగ్గిందా లేదా అని ముగ్గురు ఆర్థిక పరిశోధకులు ఎన్‌ఎస్‌ఎస్ సర్వేలతో లెక్కకట్టి 2012లో ప్రచురించారు. వాళ్లకు దొరికిన డేటా మనకూ దొరికేదే. ఆ పథకం మన కళ్ల ముందే నడిచింది. ప్రతి నెట్‌వర్క్ ఆసుపత్రి గుమ్మంలోనూ ఆరోగ్యమిత్ర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ‘ఆరోగ్యశ్రీపై లబ్ధిదారుల అవగాహన’ అని మనం గ్రంథాలు రాస్తున్న కాలంలో ఆ ప్రశ్న అడగాలని మనకు తోచలేదు. 2023 డిసెంబరులో తెలంగాణ వార్షిక పరిమితిని 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. పాత పరిమితి దాటిన కుటుంబాలు ఎవరివి, ఏ జబ్బులతో దాటాయి అన్నది ఈ రోజు చేరే స్కాలర్ కోసం ఎదురుచూస్తున్న ప్రశ్న.

అచ్చు వేయించుకోవడం

2009లోనూ 2016లోనూ యూజీసీ నిబంధనలు గ్రంథం సమర్పించే ముందు కనీసం ఒక పేపరు అచ్చయి ఉండాలన్నాయి. 2022 నవంబరు నిబంధనలు ఆ షరతును తీసేశాయి. నా సహోద్యోగుల్లో చాలామందికి అది నచ్చలేదు. నాకు నచ్చింది, ఎందుకంటే ఆ షరతు ఏం పండించిందో దగ్గరనుంచి చూశాను. 2018లో ‘కరెంట్ సైన్స్’లో వచ్చిన ఒక విశ్లేషణ, విశ్వవిద్యాలయాల సిఫారసుతో యూజీసీ జాబితాకెక్కిన జర్నళ్లలో పరిశీలించిన వాటిలో 88 శాతానికి పైగా నాసిరకమని తేల్చింది. అదే ఏడాది మేలో యూజీసీ 4,305 జర్నళ్లను ఒక్క దెబ్బతో తొలగించింది. హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేసి, 2019లో ఐదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలన్న తీర్పు తెచ్చుకుంది. ఆ తర్వాత మంచి జర్నళ్ల కోసం యూజీసీ తెచ్చిన కేర్ జాబితాను కూడా 2025 ఫిబ్రవరిలో ఎత్తేసి, ఏది మంచి జర్నలో మీరే తేల్చుకోండి అని విద్యాసంస్థలకు వదిలేశారు.

నా స్కాలర్ ఒకాయన షరతు ఉన్న రోజుల్లో, నాకు చెప్పకుండా, వాట్సాప్‌లో వచ్చిన ప్రకటన చూసి ఒక జర్నల్‌కు పేపరు పంపారు. రెండు రోజుల్లో అంగీకారం వచ్చింది, మూడున్నర వేలు కట్టారు. ఆ పేపర్లో ఆయన మూడేళ్ల శ్రమలోని అసలైన భాగం ఉంది. తర్వాత తెలిసి వెనక్కి తీసుకుందామని రాస్తే వాళ్లు ఇంకో ఐదు వేలు అడిగారు. ఒకచోట అచ్చయిన పేపరు ఇంకెక్కడా చెల్లదు. ఆయన నా గదిలో కూర్చుని, ‘మీకు చెప్పాలనే అనుకున్నాను మేడమ్, కానీ మీరు చదవడానికి నెల పడుతుంది, గడువు రెండు వారాలే ఉంది’ అన్నారు. ఆ మాట నాకు తగిలింది. ప్రొఫెసర్ కింద ఎనిమిది మంది దాకా స్కాలర్లు ఉండవచ్చని నిబంధన. ఎనిమిది మంది రాసింది శ్రద్ధగా చదవడానికి నాకు నిజంగానే నెల పడుతోంది. అప్పటి నుంచి ఐదుగురికి మించి తీసుకోవడం లేదు, ప్రతి డ్రాఫ్టుకూ పది రోజుల్లో జవాబిస్తానని మాటిస్తున్నాను. మూడుసార్లు తప్పాను.

ప్రచురణలో సాయం అంటే నేను చేసేది చాలా మామూలు పనులు. స్కాలర్ పంపాలనుకున్న జర్నల్‌లో గత రెండేళ్లలో వచ్చిన ఐదు పేపర్లు చదివించి, వాటి సరసన మన పేపరు కూర్చోగలదా అని అడుగుతాను. చందాతో నడిచే జర్నళ్లలో రచయిత డబ్బు కట్టనక్కరలేదని చెబుతాను. ఈ సంగతి తెలియని స్కాలర్లు ఇప్పటికీ వస్తున్నారు. ఎవరైనా ఉచితంగా చదవగలిగే ఓపెన్ యాక్సెస్ జర్నళ్లలో పేరున్నవి చాలావరకు రెండు లక్షల రూపాయలు దాటి అడుగుతాయి, పేద దేశాలకు వాళ్లు ఇచ్చే మినహాయింపులో సాధారణంగా మన దేశం రాదు. రివ్యూయర్ల వ్యాఖ్యలు వచ్చినప్పుడు మొదటి రెండు రోజులు వాటి గురించి మాట్లాడం. మూడో రోజు ఒక్కో వ్యాఖ్యనూ ఒక్కో వరుసలో రాసి, పక్కన మన జవాబు, దాని పక్కన పేపర్లో చేసిన మార్పు రాస్తాం. ఒకసారి ఒక రివ్యూయర్, ‘ఈ ఫలితం తెలిశాక ఆసుపత్రి సూపరింటెండెంట్ ఏం మార్చుకోవాలి?’ అన్న అర్థం వచ్చేలా ఒకే వాక్యం రాశారు. నా స్కాలర్ దగ్గరా నా దగ్గరా జవాబు లేదు. ఆ పేపరు మళ్లీ ఎక్కడికీ పంపలేదు.

ఒప్పుకోని మిత్రుడు

నాకంటే పదేళ్లు పెద్దయిన ఒక సహోద్యోగి ఈ వాదనను ఒప్పుకోరు. ఆయన మాటలను తేలిగ్గా తీసుకోలేను. పీహెచ్‌డీ అంటే కొత్త ఖండం కనుక్కోవడం కాదమ్మా, పనిముట్లు పట్టుకోవడం నేర్చుకునే కాలం అంటారాయన. పాత ప్రశ్నను, పాత స్కేలును, కొత్త ఊళ్లో ఒకసారి శుభ్రంగా చేసి చూపిస్తే చాలు; అందరినీ ప్రశ్న పుట్టేదాకా కూర్చోబెడితే సగం మంది మానేస్తారు. మానేసేది ఎవరు? రాత్రి డ్యూటీలు చేసే నర్సులు, జిల్లాల నుంచి బస్సులో వచ్చేవాళ్లు. ఇంగ్లిష్ మీడియంలో చదివి, పేరున్న సంస్థ నుంచి వచ్చినవాళ్లు ఎలాగూ గట్టెక్కుతారు. నీ మూడు నెలల పద్ధతి కలిగినవాళ్ల పద్ధతి అన్నది ఆయన అసలు ఆక్షేపణ.

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నా దగ్గర చేరి, ఏడాది తిరగకుండా మానేసినవాళ్లు ఇద్దరున్నారు, ఇద్దరూ పార్ట్‌టైమ్ స్కాలర్లే. అయితే నా అనుభవంలో ప్రశ్న తొందరగా దొరికింది కూడా వార్డుల్లో పనిచేసేవాళ్లకే. వాళ్ల దగ్గర లేనిది సమయం, జర్నళ్లు. 2025 జనవరిలో మొదలైన ‘ఒకే దేశం ఒకే చందా’ పథకం ప్రభుత్వ విద్యాసంస్థలకు దాదాపు 13,000 జర్నళ్లు తెరిచింది, ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో నమోదైన స్కాలర్లకు మొదటి విడతలో అది లేదు. హెల్త్ మేనేజ్‌మెంట్ స్కాలర్లలో చాలామంది ఉన్నది అక్కడే.

ఇంకో సందేహం నన్ను ఎక్కువగా బాధిస్తుంది. డిశ్చార్జి ప్రశ్న ఆ నర్సింగ్ సూపరింటెండెంట్‌దా, నాదా? నోటుపుస్తకం కొనమన్నది నేను, ఎనిమిది సమయాలు చెప్పింది నేను. పేపరు మీద నా పేరు రెండోదిగా ఉంటుంది. ఆవిడను అడిగాను. ‘కోపం నాదే కదా మేడమ్’ అన్నారు. నాకు ఆ జవాబు సగమే సరిపోయింది. తర్వాత చేరిన స్కాలర్‌కు ఏం రాసుకోవాలో నేను చెప్పలేదు, నెల రోజులు ఎదురుచూశాను. ఆలస్యమైంది, కానీ నాకు ఎప్పటికీ తోచని ఒక గడి ఆయన పుస్తకంలో ఉంది: రోగి ఆ రోజు ఎన్నిసార్లు ‘ఇంకెంతసేపు’ అని అడిగాడు.

వైవా

ఫిబ్రవరి గ్రంథానికి నేను ఆమోదమే రాశాను, కొన్ని సవరణలతో. ఆరేళ్ల కిందట కమిటీ ఆపాల్సినదాన్ని ఇప్పుడు ఒక మనిషి మీద ఆపడం న్యాయం అనిపించలేదు. వైవా గత వారం జరిగింది. ప్రెజెంటేషన్ అయ్యాక ఒక్క ప్రశ్న అడిగాను: ‘బాగానే ఉంది’ అన్నవాళ్లకు ఎక్కడ టిక్ పెట్టారు?

ఆయన తన గైడ్ వైపు చూశారు, స్లైడ్లు వెనక్కి తిప్పబోయి ఆగిపోయారు. తర్వాత మాట్లాడడం మొదలుపెట్టారు. మొదట్లో నాలుగు వేసేవాడినని, కొన్నాళ్లకు అనుమానం వచ్చిందని, ఒక వార్డులో ఒకావిడ అన్నిటికీ బాగానే అని చెప్పి, సిస్టర్ పక్క గదిలోకి వెళ్లగానే ‘బాబూ, ఈ కాగితం ఎవరికి చూపిస్తావు?’ అని అడిగిందని చెప్పారు. ఆ రోజు నుంచి ఇలాంటి మాటలన్నీ ఫారాల అంచుల్లో పెన్సిల్‌తో రాసుకున్నారట. పది నిమిషాలు మాట్లాడారు. అందులో ఒక్క వాక్యం కూడా గ్రంథంలో లేదు. ఎందుకు లేదని అడిగితే, ‘వాటికి కోడ్ లేదు కదా మేడమ్’ అన్నారు.

ఆ ఫారాలు ఇంకా ఉన్నాయా అని అడిగాను. బీరువాలో ఉన్నాయన్నారు. ఆదివారం ఫోన్ చేశారు; మొదటి వంద ఫారాలు తీసి చూశారట, అంచుల్లో తాను అనుకున్నదానికంటే ఎక్కువే రాసి ఉందట. వాటితో పేపరు రాయాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి మళ్లీ కావాలా, పాతది సరిపోతుందా అని అడిగారు. రోగుల దగ్గర సంతకం తీసుకున్న సమ్మతి పత్రంలో ఏమని ఉందో ముందు చదివి వినిపించమన్నాను. ఫోన్ పక్కన పెట్టి బీరువా తెరవడానికి వెళ్లారు.